మధ్యాహ్నం ఆట

చిక్కడపల్లి,
హైదరాబాద్.

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. మనుషులు బాగున్నారు, వాళ్ళ మాటలు ఇంకా బాగున్నాయి. నా పేచీ అంతా నాలుగో పేజీతోనే. మే నెల ఎండలో ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో బస్సు దిగి నడిచొచ్చిన సుజాత, ఆట మొదలైన సినిమా హాల్లో అడుగుపెట్టగానే, గుడికని చెప్పి వచ్చిన తల్లిని ఎర్రచీర చూసి గుర్తుపట్టింది. ఎలా కనబడిందమ్మా ఆ ఎరుపు?

నువ్వే ఒకసారి ఆలస్యంగా వెళ్ళి చూడు. కుర్చీలు తడుముకుంటూ, ఎవరి కాలో తొక్కుతూ నడుస్తావు. ఎండకు రెండు మిల్లీమీటర్లకు ముడుచుకున్న కంటిపాప చీకట్లో ఏడెనిమిది దాకా విప్పారుతుంది. (నా వయసుకు అంత విప్పారదు, టార్చి అబ్బాయే దిక్కు.) అది చాలదు. కంటి లోపలి పొర రెటీనాలో రంగులు పట్టే శంకు కణాలు తేరుకోవడానికే పది నిమిషాలు పడుతుంది. మసకలో పనిచేసే దండ కణాల్లో ఎండకు విరిగిన రొడాప్సిన్ అనే వెలుగు పట్టే పదార్థం పూర్తిగా తిరిగి తయారవడానికి అరగంట పైమాటే. దానికి ఎ విటమిన్ కావాలి. అది చాలకపోతే రేచీకటి వస్తుంది. పైగా ఆ దండ కణాలకు రంగులు తెలియవు.

మొన్న సాయంత్రం మా వీధిలో కరెంటు పోతే మేడ మీద మందారం కుండీ పక్కన కూర్చున్నాను. పొద్దు వాలేటప్పుడు నిప్పులా ఉన్న పువ్వు, చూస్తూ ఉండగానే నల్లబడింది. ఆకులు మాత్రం బూడిదరంగుకు తిరిగి, పువ్వు కంటే తేటగా నిలిచాయి. ఈ వింతను చెక్ శాస్త్రవేత్త పుర్కింజే 1825లోనే రాసిపెట్టాడు. వెలుతురు తగ్గేకొద్దీ కంటికి ముందుగా మసకబారేది ఎరుపే.

కాబట్టి ఆ చీరను వదిలేయి. తెర మీది వెలుగుంటుంది గనుక కాసేపటికి ఆకారాలు తెలుస్తాయి. ఈలోగా సుజాతను గుడ్డిగా నిలబెట్టు. ముందు తల్లి దగ్గు వినిపించనీ. తర్వాత ముడి, భుజం. ఆమే అని తేలేసరికి పాట ఒకటి అయిపోవాలి.

బయటికి వచ్చేటప్పుడు కళ్ళు త్వరగానే సర్దుకుంటాయి, కానీ ముందు కాసేపు జిగేలుమని నీళ్ళు తిరుగుతాయి. చివరి పేజీలో దాన్ని వాడుకోలేదేం? "ఏడుస్తున్నావా?" అని తల్లి అడిగితే, ఎండ అని చెప్పుకోవడానికి సుజాతకు వీలుండేది.

ఉంటాను.