టెక్ సందేహాలు: చూపు తగ్గినవాళ్ల ఫోన్‌లో ఏం మార్చాలి?

అమ్మకు 68 ఏళ్లు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతింది, కళ్లజోడు మార్చినా లాభం లేదన్నారు. ఫోన్‌లో అక్షరాలు చివరిదాకా పెంచాం. ఇప్పుడు బ్యాంకు యాప్‌లో కింది బటనే కనిపించడం లేదు. (పాలకొల్లు)

చివరిదాకా పెంచడంతోనే చిక్కొచ్చింది. అంత పెద్ద అక్షరాలకు చాలా యాప్‌లలో చోటుండదు, బటన్ తెర కిందికి జారిపోతుంది. ఫాంట్ సైజును మధ్యకు తెచ్చి, డిస్‌ప్లే సైజు ఒక్క మెట్టు పెంచండి. మిగతాది భూతద్దానికి వదిలేయండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో మాగ్నిఫికేషన్. షార్ట్‌కట్‌గా మూడుసార్లు తట్టడం మాత్రం పెట్టకండి. తెరను గబగబా తడుతుంటే అనుకోకుండా పెద్దదైపోతుంది. తెర అంచున ఉండే యాక్సెసిబిలిటీ బటన్ ఎంచుకోండి. పెద్దదయ్యాక రెండు వేళ్లతో జరపాలి. ఒక్క వేలితో జరిపితే భూతద్దం కాదు, యాప్ కదులుతుంది. అందరూ తడబడేది ఇక్కడే, అమ్మగారితో ఒకటికి నాలుగుసార్లు చేయించండి.

పొడుగు మెసేజ్‌లు చదవడం కంటే వినడమే హాయి. అదే యాక్సెసిబిలిటీలో ‘సెలెక్ట్ టు స్పీక్’ ఆన్ చేస్తే, తట్టిన చోట ఉన్నది చదివి వినిపిస్తుంది. ముందుగా టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగ్‌లోకి వెళ్లి, గూగుల్ ఇంజిన్‌కు తెలుగు వాయిస్ డౌన్‌లోడ్ చేయాలి. లేకపోతే ఇంగ్లిష్ ముక్కలు చదివి, తెలుగు వచ్చేసరికి నోరు మూసుకోవచ్చు. బోల్డ్ అక్షరాలు ఇంగ్లిష్‌కు బాగానే ఉంటాయి గానీ, తెలుగులో వత్తుల సందులు పూడిపోయి ఇంకా అలుక్కుపోతాయి. నేనైతే పెట్టమనను.

ప్లే స్టోర్‌లోంచి కాకుండా, ఎవరో ఏపీకే ఫైలుగా పంపిన భూతద్దం యాప్‌లు వద్దు. యాక్సెసిబిలిటీ అనుమతి ఇచ్చామంటే తెర మీద ఉన్నదంతా దానికి కనిపిస్తుంది. బయటి యాప్‌కు ఆ అనుమతి ఉందని తెలిస్తే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు కూడా.

మా తమ్ముడికి రేచీకటి, ఆర్‌పీ (రెటినైటిస్ పిగ్మెంటోసా) అన్నారు. అక్షరాలు పెంచితే ఇంకా కష్టంగా ఉందంటున్నాడు. పోటీ పరీక్షల తెలుగు పీడీఎఫ్‌లు, తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌లో పెడితే పిచ్చి ఇంగ్లిష్ చదువుతోంది. (అమలాపురం)

తమ్ముడు చెప్పింది నిజమే. షుగర్‌తో రెటీనా మధ్యభాగం దెబ్బతిన్నవాళ్లకు సైజు పెంచితే మేలు. రెటినైటిస్ పిగ్మెంటోసాలో చుట్టూ ఉన్న చూపు పోయి, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్తే మిగులుతుంది. అక్షరం పెరిగేకొద్దీ ఆ గొట్టంలో పట్టే అక్షరాలు తగ్గిపోతాయి. సైజు మామూలుగానే ఉంచి, డార్క్ థీమ్ పెట్టి చూడండి. అది చాలకపోతే రంగుల్ని తిరగేసే కలర్ ఇన్వర్షన్. కంప్యూటర్‌లో విండోస్ కీ, ప్లస్ కలిపి నొక్కితే మాగ్నిఫైయర్ వస్తుంది. 100 శాతం దగ్గరే ఉంచి, కంట్రోల్, ఆల్ట్, ఐ నొక్కితే రంగులు తిరగబడతాయి.

ఇక పీడీఎఫ్ సంగతి. పాత మెటీరియల్‌లో చాలావరకు అను ఫాంట్లలో టైప్ చేసిందే. పైకి తెలుగు ఆకారం, లోపల ఇంగ్లిష్ కోడ్. ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేయండి. ఇంగ్లిష్ గజిబిజి పడితే రోగం అదే. టాక్‌బ్యాక్ తప్పేమీ లేదు. మందు ఓసీఆర్, అంటే ఫొటోలోని అక్షరాలను గుర్తించి టెక్స్ట్‌గా మార్చడం: పేజీలను ఫొటోలుగా మార్చి గూగుల్ డ్రైవ్‌లో వేసి, కంప్యూటర్ బ్రౌజర్‌లో కుడి బటన్ నొక్కి గూగుల్ డాక్స్‌తో తెరవండి. ఫొటో కింద యూనికోడ్ తెలుగు, అంటే లోపలి కోడ్ కూడా తెలుగే, వస్తుంది, దాన్ని ఏ స్క్రీన్ రీడరైనా చదువుతుంది. పీడీఎఫ్‌ను నేరుగా ఇస్తే లోపలున్న గజిబిజినే బయటికి తీయొచ్చు, అందుకే ఫొటోలు. ఒక్కో ఫైలు 2 ఎంబీ లోపు, పేజీ నిటారుగా ఉండాలి. రెండు కాలమ్‌ల పేజీని నిలువునా కత్తిరించి వేయండి, లేకపోతే వరుసలు కలిసిపోతాయి. తేదీలు, అంకెలు చూపున్నవాళ్లెవరైనా ఒకసారి సరిచూడాలి.

రొయ్యల వ్యాపారం. నోట్లు గుర్తుపట్టలేకపోతున్నాను. (భీమవరం)

రిజర్వ్ బ్యాంకు ‘మణి’ యాప్ ఉచితం, నెట్ లేకుండానే పనిచేస్తుంది. నోటు విలువ చెబుతుంది గానీ, అసలుదో నకిలీదో చెప్పదు. అంచున ఉబ్బెత్తు గీతలు కొత్త 100కు నాలుగు, 500కు ఐదు. 200కు నాలుగు గీతల మధ్య రెండు చుక్కలుంటాయి. అయితే తడి చేతుల్లో నలిగిన నోట్లకు అవి అరిగిపోతాయి. పొడవు అరగదు కదా: కొత్త 100 నోటు 142 మిల్లీమీటర్లు, 200 నోటు 146, 500 నోటు 150. 142కు అట్టముక్క కత్తిరించి జేబులో ఉంచుకుని, నోటు ఒక చివర దానికి సరిచేసి పెట్టండి. రెండో చివర కాస్త బయటికొస్తే 200, దానికి రెట్టింపు వస్తే 500. పాత 100 నోటు 157 పొడవు, 73 వెడల్పు. వెడల్పులోనే తెలిసిపోతుంది.

సాయం ఎక్కడ దొరుకుతుంది? (రాజోలు)

కంటి డాక్టరు ‘ఇంక చేసేదేం లేద’న్నాక వెళ్లాల్సింది, మిగిలిన చూపును వాడుకోవడం నేర్పే లో విజన్ క్లినిక్‌కు. ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి విజయవాడ దగ్గర తాడిగడపలో, విశాఖ హనుమంతవాకలో క్యాంపస్‌లున్నాయి. విజన్ రీహాబిలిటేషన్‌కు అపాయింట్‌మెంట్ కావాలని ముందే ఫోన్ చేసి అడగండి.

వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్‌కు సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాట్ బుక్ చేయాలి. పింఛనుకు కనీసం 40 శాతం ఉండాలి. అద్దాలు పెట్టుకున్నాక, రెండింటిలో మెరుగైన కంటికి చార్టు మీద చూపు 6/24 నుంచి 6/60 మధ్య ఉంటే 40 శాతం లెక్క మొదలవుతుంది. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే వచ్చేది 30 శాతమే, చాలామంది తిరిగొచ్చేది ఈ లెక్క తెలియకే. ఆర్‌పీ ఉన్నవాళ్లు, చూపు వెడల్పు కొలిచే ఫీల్డ్ టెస్ట్ రిపోర్టు తప్పక తీసుకెళ్లాలి. వాళ్లకు చార్టులో అక్షరాలు బాగానే కనిపించొచ్చు, లోటు బయటపడేది చూపు వెడల్పులోనే.

క్లినిక్‌కు పాత కళ్లజోళ్లన్నీ, ఫోన్, ఇంట్లో చదవలేకపోతున్న చిట్టా పుస్తకమో మందుల డబ్బానో పట్టుకెళ్లండి. ఏ అద్దం పనికొస్తుందో దాని మీదే చూపించి తేల్చుకోవచ్చు.