సమాధానం: డాలస్‌లో టోర్నడో అంటే ఏ సైటు నమ్మాలి?

అబ్బాయి డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాడని, వాట్సాప్‌లో టోర్నడో (పెను సుడిగాలి) వీడియో వచ్చినప్పుడల్లా టెన్షన్ పడుతున్నామని రాశారు. ముందు ఆ వీడియోలు చూడటం మానేయండి. ఎప్పటివో, ఏ ఊరివో చెప్పలేం.

వెదర్ డాట్ గవ్ (weather.gov) తెరవండి. అమెరికా ప్రభుత్వ నేషనల్ వెదర్ సర్వీస్ సైటు అది. అబ్బాయి ఇంటి జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) కొడితే, అమల్లో ఉన్న హెచ్చరికలు అక్కడే కనిపిస్తాయి. 'టోర్నడో వాచ్' అని ఉంటే కంగారు పడకండి. వాతావరణం అందుకు అనుకూలంగా ఉందని మాత్రమే అర్థం. సాధారణంగా చాలా కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) కలిపి, కొన్ని గంటలపాటు ఇస్తారు. 'టోర్నడో వార్నింగ్' మాత్రం వేరు: రాడార్‌లో సూచన కనబడింది, లేదా ఎవరో కళ్లారా చూశారు. దాన్ని మ్యాప్‌పై చిన్న గడిలా గీస్తారు. ఇల్లు ఆ గీత లోపల ఉందా, బయట ఉందా అన్నదే చూడండి. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్‌లో ఉంటుంది కాబట్టి ఇల్లు ఏ కౌంటీయో అబ్బాయినడిగి రాసిపెట్టుకోండి.

టైము కూడా గుర్తుంచుకోండి. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ సాయంత్రం 6 అంటే మనకు మర్నాడు తెల్లవారుజామున 4:30.

అబ్బాయి ఫోన్‌లో ఎమర్జెన్సీ అలర్టులు ఆన్‌లో ఉన్నాయో లేదో ఈరోజే కనుక్కోండి, ఇది చాలా ముఖ్యం. వార్నింగ్ నడుస్తున్నంతసేపూ పదేపదే ఫోన్ చేయకండి, ఒక్క మెసేజ్ పెట్టండి చాలు.