ఫ్రిజ్ కూలింగ్ వచ్చి పోతుంటే వెంటనే గ్యాస్ నింపించకండి

మీ ఫ్రిజ్ ఫ్రీజర్‌లో ఐసు గడ్డకడుతూనే ఉన్నా కింది అర వెచ్చబడుతోందని, ఒక రోజంతా ఆపి ఉంచితే కొన్నాళ్లు కుదురుగా పనిచేస్తోందని, గ్యాస్ అయిపోయిందని మెకానిక్ అన్నారని రాశారు. దయచేసి ఇప్పుడే ఒప్పుకోకండి. నేను ఒప్పుకొని నింపించుకున్నాను. పది రోజులకు కథ మళ్లీ మొదటికొచ్చింది.

గ్యాస్ వాడేకొద్దీ తరిగేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడైనా కారితే కూలింగ్ క్రమంగా పడిపోతుంది. ఒక రోజు విశ్రాంతి ఇచ్చినంత మాత్రాన తిరిగి పుంజుకోదు.

రెండోసారి నేను కింది అరలో గ్లాసుడు నీళ్లు పెట్టి, అందులో థర్మామీటర్ ఉంచి, రోజూ ఉదయం, సాయంత్రం అంకె రాసుకున్నాను. తొమ్మిది రోజులు 4 డిగ్రీలు. తర్వాత 7, ఆపైన 11. ఫ్రీజర్ మాత్రం గట్టిగానే ఉంది. అసలు సంగతి అక్కడే దొరికింది. ఫ్రాస్ట్ ఫ్రీ రకాల్లో, అంటే మంచును వాటంతటవే కరిగించుకునే ఫ్రిజ్‌లలో, చాలావాటికి చల్లదనం పుట్టేది ఫ్రీజర్ వెనక పలక చాటున ఉన్న కాయిల్ (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట) దగ్గర మాత్రమే. అక్కడి చల్లగాలిని ఫ్యాన్ కింది అరకు తోస్తుంది. కాయిల్‌కు పట్టిన మంచును డీఫ్రాస్ట్ హీటర్ ఎప్పటికప్పుడు కరిగించాలి. అది పనిచేయకపోతే మంచు పేరుకుని గాలి దారి మూసుకుపోతుంది. మీరు రోజంతా ఆపినప్పుడు కరిగేది ఆ మంచే.

ప్లగ్ తీసి పలక విప్పితే కాయిల్ కనబడనంత మంచు. అది కరిగాక మల్టీమీటర్ పెట్టి చూస్తే హీటర్ తీగ తెగి ఉంది. అది మార్చాక ఇప్పటిదాకా ఇబ్బంది లేదు. ఒక్క జాగ్రత్త: హీటర్‌తో పాటు ఉండే బైమెటల్ అనే చిన్న స్విచ్ బాగా చల్లబడితేనే కలుస్తుంది. గది వేడిలో పరీక్షిస్తే మంచిది కూడా పాడైనట్టే చూపిస్తుంది. నేను దాన్ని అనవసరంగా కొనబోయి ఆగాను. మంచును కత్తితో మాత్రం పొడవకండి. గొట్టానికి చిల్లు పడితే గ్యాస్ నిజంగానే పోతుంది, పైగా ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే ఆర్600ఏ మండే వాయువు.

పై, కింది అరలు రెండూ కలిసి వెచ్చబడుతూ, వెనక కొన్ని నిమిషాలకోసారి టక్కుమని చప్పుడు వస్తుంటే దారి వేరు. కంప్రెసర్ లేవబోయి ఆగిపోతోందన్నమాట. కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే రిలే, కరెంటు వోల్టేజి చూడాలి. తలుపు రబ్బరుకూ, వెనక జాలీ దుమ్ముకూ అయిదు నిమిషాలు చాలు, అవీ చూసేయండి.

ఈసారి కూలింగ్ పడిపోయినప్పుడు, మంచు కరగకముందే మెకానిక్‌ను పిలిచి, ఆ పలక విప్పి చూపించమని అడగండి. కాయిల్ అంతటా దట్టంగా మంచు ఉంటే డీఫ్రాస్ట్ వైపు వెతకాలి. ఒక కొసన మాత్రమే మంచు పట్టి, మిగతాది ఖాళీగా ఉంటే అప్పుడు గ్యాస్ మాట వినండి. అయినా ముందు ఎక్కడ కారుతోందో పట్టుకొని మూసిన తర్వాతే నింపమనండి.