ఆశ్రమంలో చేరితే ఆలుమగలం కాకుండా పోతామా?

ప్రశ్న: నాకు 72, మా ఆవిడకు 67. పిల్లలిద్దరూ ఫారిన్‌లో ఉండారు, మేము నెలనెలా డబ్బు కట్టి కావలి దగ్గర ఒక వృద్ధాశ్రమంలో ఉంటుండాం. మగోళ్ళకొక హాలు, ఆడోళ్ళకొక హాలు, రాత్రి ఎనిమిదింటికి మధ్యలో గ్రిల్‌కి తాళం. మొన్న వరండాలో ఆమె మోకాళ్ళకు ఆయింట్‌మెంట్ రాస్తుంటే మేనేజరు అందరి ముందరా "ఏంది పెద్దాయనా, ఈ వయసులో" అన్నాడు. ఆమెను నేను తాకితే తప్పా? సిగ్గు విడిచి ఇంకోటి అడగతుండా, నాకు షుగరుంది, గుండెకు స్టెంట్ వేసుండారు, వయాగ్రా లాంటిది వాడొచ్చా?
- పేరు వద్దు, నెల్లూరు జిల్లా

జవాబు: తప్పేం లేదు బాబాయ్ గారూ, ఆ మాటన్నాయనే సిగ్గుపడాలి. మన దగ్గర చాలా ఆశ్రమాలు ఒంటరోళ్ళనే లెక్కేసుకుని కట్టేస్తారు, జంటలొస్తారన్న ఆలోచనే ఉండదు, తర్వాత దాన్నే రూలంటారు. 2007 వయోవృద్ధుల చట్టంలో భార్యాభర్తల్ని విడదీసి పెట్టమని ఎక్కడా లేదు. మేనేజరుతో వాదన వద్దు, యాజమాన్యానికి ఇద్దరి సంతకాలతో రాసిచ్చి జంట గది అడగండి. లేదంటే గెస్ట్ రూమ్ ఖాళీగా ఉన్నప్పుడు మధ్యాహ్నం రెండు గంటలివ్వమనండి, తలుపుకి లోపల గడియ ఉండాల్సిందే, లేకపోతే ఆయమ్మ చీపురేసుకుని వచ్చేస్తుంది. అప్పటికీ వినకపోతే పెద్దవాళ్ళ కోసం ఉన్న హెల్ప్‌లైన్, ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చేయండి, ఫ్రీనే, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు.

మాత్ర సంగతి మాత్రం జాగ్రత్త. ఛాతీ నొప్పికి నాలిక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటివి వాడేవాళ్ళు వయాగ్రా వేసుకోకూడదు, రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. మీరేం వాడుతున్నారో రాయలేదు కాబట్టి మందుల చీటీ పట్టుకుని గుండె డాక్టర్నే అడగండి, మెడికల్ షాపు కుర్రాడిని కాదు. షుగరు వల్ల, కొన్ని బీపీ మందుల వల్ల కూడా పటుత్వం తగ్గుతుంది, షుగరు అదుపులో పెట్టుకుంటే కొంత నయం.

అంతా రాశారు గానీ పిన్నిగారు ఏమనుకుంటున్నారో ఒక్క ముక్క లేదే! ముట్లు ఆగిపోయాక లోపల పొడిబారి మంట, నొప్పి ఉండొచ్చు, చాలామంది ఆడవాళ్ళు బయటికి చెప్పరు. దానికి రాసుకునే, నీటితో చేసిన జెల్లీలు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి, అవి చాలకపోతే లేడీ డాక్టరు క్రీమ్ రాస్తారు. ఆమెకు అదేం వద్దు, పక్కన పడుకుని కబుర్లు చెప్పుకుంటే చాలంటే అదీ కాపురమే, దానికీ ఆ గది కావాల్సిందే.