కూర్చుంటే బీపీ 130/80, నిలబడితే కళ్లు బైర్లు... ఎందుకిలా?

ప్రశ్న: నా వయసు 63 ఏళ్లు. 12 ఏళ్లుగా మధుమేహం, 8 ఏళ్లుగా అధిక రక్తపోటు ఉన్నాయి. రెండింటికీ మందులు క్రమం తప్పకుండా వాడుతున్నాను. ప్రొస్టేట్ గ్రంథి పెరిగిందని రెండు నెలల క్రితం మరో మాత్ర రాశారు. కొన్ని వారాలుగా నిద్ర లేచి మంచం దిగి నిలబడగానే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. గోడ పట్టుకుని కాసేపు ఆగితే తగ్గుతోంది. ఒకసారి రాత్రి మూత్రానికి వెళ్లినప్పుడు పడబోయి తమాయించుకున్నాను. ఇంట్లో మిషన్‌తో కూర్చుని చూసుకుంటే బీపీ 130/80 ఉంటోంది. శరీరం తనంతట తాను అన్నీ సర్దుకుంటుందని అంటారు కదా, నా శరీరం ఎందుకు సర్దుకోవడం లేదు? బీపీ మాత్ర ఆపేయవచ్చా?

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. బీపీ మాత్రను మీ అంతట మీరు ఆపకండి. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే, నిలబడినప్పుడు రక్తపోటు పడిపోయే ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అనే సమస్యను ముందుగా అనుమానించాలి. అయితే దానికి కారణం బీపీ మాత్రే అని ఇప్పుడే తీర్మానించడానికి ఆధారం లేదు. మీరు చెప్పిన 130/80 సరైన అంకే కావచ్చు గానీ, ఇబ్బంది నిలబడినప్పుడు వస్తుంటే కూర్చుని కొలిచిన బీపీతో దాని గుట్టు తెలియదు. శరీరం సర్దుకుంటోందా లేదా అన్నది దానికి ఒక కుదుపు తగిలినప్పుడే బయటపడుతుంది. నిలబడడం మనం రోజూ ఎన్నోసార్లు, ఆలోచించకుండానే శరీరానికి ఇచ్చే కుదుపు.

పడుకున్న మనిషి లేచి నిలబడితే సుమారు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం గురుత్వాకర్షణ వల్ల పొట్ట దిగువ భాగంలోని, కాళ్లలోని సిరల్లోకి జారుతుంది. ఆ మేరకు గుండెకు తిరిగి చేరే రక్తం తగ్గుతుంది, గుండె ప్రతి కొట్టుకోవడంలోనూ బయటకు పంపే రక్తం కూడా తగ్గుతుంది. గుండె కంటే ఎత్తున ఉన్న మెదడుకు ఆ లోటు మొదట తెలుస్తుంది. శరీర బరువులో 2 శాతమే ఉన్నా, విశ్రాంతిలో శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు ఐదో వంతు మెదడుకే కావాలి. అందుకే కొన్ని క్షణాల లోటుకే కళ్ల ముందు చీకటి కమ్ముతుంది.

ఈ లోటును పసిగట్టే గ్రాహకాలు రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి మెడలో, దవడ ఎముక మూలకు కొంచెం కింద, కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట ఉండే చిన్న ఉబ్బు. రెండోది గుండె నుంచి బయలుదేరే మహాధమని వంపు. ఈ గ్రాహకాలు రక్తపోటును నేరుగా కొలవవు. ధమని గోడ ఎంత సాగిందో మాత్రమే గమనిస్తాయి. గోడ బాగా సాగితే వాటి నుంచి మెదడు కాండానికి వెళ్లే సంకేతాలు వేగంగా, సాగడం తగ్గితే మందంగా వెళతాయి. మీరు నిలబడగానే ఆ సంకేతాలు తగ్గిపోతాయి. అప్పుడు మెదడు కాండం గుండె వేగాన్ని అదుపులో ఉంచే వేగస్ నాడి పట్టును సడలిస్తుంది, దాంతో ఒకటి రెండు క్షణాల్లోనే పల్స్ పెరుగుతుంది. ఆ వెంటనే, శరీరాన్ని అప్రమత్తం చేసే సింపథెటిక్ నాడుల కొసల నుంచి నార్ అడ్రినలిన్ అనే రసాయనం విడుదలై, రక్తనాళాల గోడల్లోని కండరాలను బిగిస్తుంది. ఇదంతా అర నిమిషం లోపే ముగుస్తుంది. ఆరోగ్యవంతుడికి ఇంత పని జరిగినట్టే తెలియదు.

అంతటితో ఆగిపోదు. నిలబడే ఉంటే నిమిషాలు గడిచేకొద్దీ నెమ్మదిగా పనిచేసే రెండో అంచె అందుకుంటుంది. మూత్రపిండాలు రెనిన్ అనే ఎంజైమును విడుదల చేస్తాయి. దాని ద్వారా తయారయ్యే యాంజియోటెన్సిన్ రక్తనాళాలను బిగించి, ఆల్డోస్టిరాన్ హార్మోన్ సాయంతో ఉప్పునూ నీటినీ నిలిపి ఉంచుతుంది. శరీరంలో నీరు తగ్గినప్పుడు మెదడు నుంచి వచ్చే వాసోప్రెసిన్ హార్మోన్ మూత్రాన్ని చిక్కబరుస్తుంది, దాహం వేస్తుంది. ఇలా లోపలి పరిస్థితులను ఒక హద్దులో నిలిపే ఏర్పాటుకు అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1926లో హోమియోస్టాసిస్ అని పేరు పెట్టారు. తెలుగు పాఠ్యపుస్తకాలు దీన్ని సమతాస్థితి అంటాయి. స్థితి అనే మాట వినగానే కదలకుండా ఉండేదేదో అనిపిస్తుంది గానీ, నిజానికి అది ప్రతి క్షణం తప్పుతూ, తప్పినదాన్ని సరిచేసుకుంటూ ఉండే వ్యవహారం.

ఇక మీ శరీరం ఎందుకు సర్దుకోవడం లేదన్న ప్రశ్నకు వద్దాం. గ్రాహకం, కబురు మోసే నాడి, ఆజ్ఞ అందుకుని బిగుసుకోవాల్సిన రక్తనాళం, ఆ నాళాల్లో తగినంత రక్తం అనే నాలుగూ సరిగా ఉంటేనే ఈ పని జరుగుతుంది. మీరు రాసిన వివరాల్లో ఈ నాలుగింటికీ ముప్పు తెచ్చే అంశాలు కనబడుతున్నాయి.

నాకు అన్నింటికంటే ముందు అనుమానం కలిగించింది ప్రొస్టేట్ మాత్ర, ఎందుకంటే రెండు నెలల క్రితం దాన్ని మొదలుపెట్టారు, కొన్ని వారాలుగా ఈ బాధ ఉంది. ప్రొస్టేట్ పెరుగుదలకు తరచుగా వాడే ఆల్ఫా బ్లాకర్లు మూత్రాశయం మెడ వద్ద, ప్రొస్టేట్‌లో ఉన్న కండరాలను సడలించి మూత్రం సాఫీగా వచ్చేలా చేస్తాయి. ఆ కండరాలను బిగించేది పైన చెప్పిన నార్ అడ్రినలినే. అది వచ్చి అతుక్కునే ఆల్ఫా గ్రాహకాలను ఈ మందు మూసివేస్తుంది. అవే రకం గ్రాహకాలు రక్తనాళాల గోడల్లోనూ ఉండడం వల్ల, మెదడు బిగుసుకోమని ఆజ్ఞ పంపినా నాళానికి ఆ ఆజ్ఞ పూర్తిగా అందదు. టాంసులోసిన్ వంటి మందులు ఎక్కువగా ప్రొస్టేట్ మీదే పనిచేస్తాయి కాబట్టి వాటితో ఈ ఇబ్బంది కొంత తక్కువ. ప్రజోసిన్, టెరజోసిన్, డాక్సజోసిన్ వంటి వాటితో ఎక్కువ. మీ మాత్ర పేరు రాయలేదు. అసలు అది ఆల్ఫా బ్లాకరేనా అన్నది చీటీ చూసి నిర్ధారించుకోవాలి.

రెండో అనుమానం మధుమేహం మీద. ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్న చక్కెర నాడులను దెబ్బతీస్తుందని, పాదాల తిమ్మిర్లు అందుకేనని చాలామందికి తెలుసు. గుండెకూ రక్తనాళాలకూ వెళ్లే నాడులు కూడా అలాగే దెబ్బతింటాయన్నది మాత్రం అంతగా ఎవరూ పట్టించుకోరు. పొడవైన నాడులు ముందుగా దెబ్బతింటాయి. శరీరంలో చాలా పొడవైన నాడుల్లో వేగస్ ఒకటి. విశ్రాంతిలో కూడా పల్స్ వేగంగా ఉండడం, కొద్దిగా తినగానే కడుపు నిండినట్టు అనిపించడం, చెమట పట్టే తీరు మారడం వంటివి మీకు ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

మూడోది ఒంట్లో నీరు. చక్కెర అదుపు తప్పితే అది మూత్రంతో పాటు నీటినీ వెంట తీసుకుపోతుంది. చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపి పనిచేసే గ్లిఫ్లోజిన్ తరహా మాత్రలు, మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే బీపీ మాత్రలు కూడా ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. పైగా వయసు పెరిగేకొద్దీ దాహం మందగిస్తుంది, అంటే లోటు ఉన్నా హెచ్చరిక సరిగా అందదు. వయసుతో ధమని గోడలు గట్టిపడి సాగే గుణం తగ్గడం వల్ల మెడలోని గ్రాహకాల చురుకుదనమూ తగ్గుతుంది.

ఇప్పుడు మీరు ఇంట్లోనే చేయగల పని ఒకటుంది. పక్కన ఒకరిని ఉంచుకుని, పొద్దున మందులు వేసుకోకముందే అయిదు నిమిషాలు వెల్లకిలా పడుకుని బీపీ, పల్స్ చూసుకోండి. తర్వాత నిలబడి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడండి. చేతిని గుండె ఎత్తులో ఆనించి ఉంచాలి, కిందికి వేలాడేస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. కళ్లు తిరిగితే వెంటనే కూర్చోండి, అంకె కోసం పట్టుదలకు పోవద్దు. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 లేదా కింది అంకె 10, అంతకుమించి పడితే ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ ఉన్నట్టు. ఒక్కరోజు సరిగా ఉంటే సమస్య లేదని అనుకోకండి, మూడు నాలుగు రోజులు చూడండి.

పల్స్‌ను తప్పక రాయమని చెప్పడానికి కారణం ఉంది. ఉదాహరణకు బీపీ పై అంకె 145 నుంచి 115కి పడి, పల్స్ 72 నుంచి 95కి పెరిగితే గ్రాహకాలు, నాడులు పనిచేస్తున్నాయని, లోటు రక్త పరిమాణంలోనో, మందుల వల్ల సడలిన నాళాల్లోనో ఉందని అనుకోవచ్చు. అదే బీపీ అంతే పడి పల్స్ 72 నుంచి 76 దగ్గరే ఆగిపోతే కబురు మోసే నాడుల్లోనే లోపం ఉండవచ్చు. స్థూలంగా, పడిన పై అంకెలో సగం మేరకైనా పల్స్ పెరగాలి. అయితే మీరు వాడే బీపీ మందు గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ రకం అయితే పల్స్ ఎలాగూ అంతగా పెరగదు కాబట్టి ఈ లెక్క పనికిరాదు.

ఈ అంకెలతోపాటు మీరు వేసుకునే ప్రతి మందునూ, ఏ పూట వేసుకుంటున్నారో సహా తీసుకుని మీ డాక్టరును కలవండి. ఈసీజీ, హీమోగ్లోబిన్, సోడియం, పొటాషియం, క్రియాటినిన్, చక్కెర పరీక్షలు చేయిస్తారు. ప్రొస్టేట్ మాత్రను మార్చడమో, పడుకునే ముందుకు జరపడమో, బీపీ మందుల్లో ఒకదాని మోతాదు సర్దడమో అవసరం కావచ్చు. నా అనుభవంలో ఎక్కువమందికి ఇంతమాత్రమే సరిపోతుంది. పడిపోతున్న రక్తపోటును పెంచడానికి మరో మాత్ర చేర్చే ముందు ఉన్న మాత్రల్లో ఏది తీసేయవచ్చో చూడాలి. నాడుల లోపం ఉన్నవారికి మరో చిక్కు కూడా ఉంటుంది: నిలబడితే పడిపోయే బీపీ, పడుకుంటే బాగా పెరుగుతుంది. అలాంటివారు బీపీ మాత్ర పూర్తిగా మానేస్తే రాత్రిపూట గుండెకూ మెదడుకూ ముప్పు. మీరు స్వయంగా మాత్ర ఆపవద్దని మొదట్లోనే అన్నది అందుకే.

అప్పటిదాకా ఈ జాగ్రత్తలు పాటించండి. మెలకువ రాగానే లేవకుండా మంచం మీదే పాదాలను పైకీ కిందికీ ఇరవై ముప్పై సార్లు ఆడించండి. పిక్క కండరాలు బిగిసిన ప్రతిసారీ సిరల్లోని రక్తాన్ని గుండె వైపు నెడతాయి. తర్వాత ఒకటి రెండు నిమిషాలు కాళ్లు వేలాడేసి కూర్చుని, అప్పుడు ఏదైనా పట్టుకుని లేవండి. గుండె, మూత్రపిండాల జబ్బుల వల్ల నీరు తగ్గించమని మీకు చెప్పి ఉండకపోతే, లేవబోయే ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగవచ్చు. రాత్రి మూత్రానికి వెళితే కూర్చునే పోయండి, దారిలో లైటు వేసి ఉంచండి. తల వైపున్న మంచం కాళ్ల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు పెడితే పొద్దున్నే బీపీ పడిపోవడం తగ్గుతుంది. బాగా వేడి నీటి స్నానం, మద్యం, ఒక్కసారిగా కడుపు నిండా తినడం రక్తనాళాలను సడలిస్తాయి లేదా రక్తాన్ని పేగుల వైపు మళ్లిస్తాయి, కాబట్టి వాటికి దూరంగా ఉండండి. కళ్లు బైర్లు కమ్మబోతున్నట్టు అనిపిస్తే కాళ్లు మెలిక వేసి తొడలను, పిరుదులను గట్టిగా బిగించండి. కాళ్లకు బిగుతు మేజోళ్లు కూడా ఉపయోగపడతాయి గానీ మోకాలి వరకే ఉండేవాటితో లాభం కొంచెమే, నడుము వరకు ఉండేవి మేలు. జిరాఫీ బీపీ మనిషి బీపీకి దాదాపు రెట్టింపు. కాళ్లలోకి రక్తం, నీరు దిగిపోకుండా దాని కాళ్ల చర్మమే గట్టి మేజోడులా బిగుసుకుని ఉంటుంది. ఉప్పు ఎక్కువ తినమని కొందరు సలహా ఇస్తారు, అధిక రక్తపోటు ఉన్న మీరు డాక్టరు చెప్పకుండా ఆ పని చేయకండి.

పక్కకు తిరిగినప్పుడు, తల పైకెత్తినప్పుడు గది గిరగిరా తిరిగినట్టు ఉంటే అది లోపలి చెవి సమస్య కావచ్చు, దాని చికిత్స వేరు. ఇన్సులిన్ గానీ చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడుతుంటే, కళ్లు తిరిగినప్పుడు ఒకసారి చక్కెర కూడా చూసుకోండి. స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి, గుండె దడ, మాట తడబడడం, ఒక వైపు చేయి లేదా కాలు బలహీనపడడం, మలం తారులా నల్లగా రావడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బీపీ అంకెలు రాసుకుంటూ కూర్చోకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి. పడిపోయి తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం లేకపోయినా సరే, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవారు అదే రోజు డాక్టరుకు చూపించుకోవాలి.