మీ ప్రశ్నలు – మా జవాబులు: ఎండకు అదిరే ధూళి సెన్సరు

ప్రశ్న: అంతరిక్ష ధూళిని పసిగట్టే సెన్సరు నమూనా కాలేజీ ప్రాజెక్టుగా చేస్తున్నాం. 28 మైక్రాన్ల మందమున్న పీవీడీఎఫ్ (ఒక రకం ప్లాస్టిక్) పొర, 10 చదరపు సెంటీమీటర్లు. పొర ఇచ్చే చార్జ్‌ను వోల్టేజీగా మార్చే చార్జ్ ఆంప్లిఫయరులో 100 పికోఫారడ్ల కెపాసిటరు, 100 మెగాఓమ్‌ల రెసిస్టరు. ఇసుక రేణువు పడితే సిగ్నల్ వస్తోంది. కిటికీలోంచి ఎండ పడ్డా, ఫ్యాను వేసినా వస్తోంది. పొర పాడైనట్టేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, అనంతపురం

జవాబు: పొరకేమీ కాలేదు. పీవీడీఎఫ్ దెబ్బకే కాదు, ఎండకు వేడెక్కినా, ఫ్యాను గాలికి చల్లబడినా చార్జ్ ఇస్తుంది: డిగ్రీకి, చదరపు సెంటీమీటరుకు సుమారు 3 నానోకూలుంబులు. మీ పొర సెకనుకు ఒక్క డిగ్రీ వేడెక్కినా 30 నానోఆంపియర్లు పారుతుంది. అది 100 మెగాఓమ్‌ల మీద 3 వోల్టులు! అనంతపురం ఎండకు అదేమంత కష్టం కాదు. రెసిస్టరును 10 మెగాఓమ్‌లకు దించండి, 0.3 వోల్టుకు వస్తుంది. కరెంటు లైను 50 హెర్ట్జ్ రొద కూడా దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది. కాకపోతే పల్సు ఒక మిల్లీసెకనులోనే పడిపోతుంది కాబట్టి వేగంగా శాంపిల్ తీయాలి.

పక్కనే అలాంటిదే ఇంకో పొర పెట్టి, దానిపై మూత వేయండి. రెండూ ఒకేసారి మోగితే అది ధూళి కాదు, బల్ల కదలడమో వేడో. ప్లూటో వైపు వెళ్లిన నాసా న్యూ హొరైజన్స్ నౌకలో 14 పొరల్లో 2 ఇలా మూసినవే.

తీగలను మాత్రం సోల్డర్ చేయకండి. 80 డిగ్రీలు దాటితే పొర తన గుణం పోగొట్టుకుంటుంది, ఐరన్ తగిలిన చోట అంతే సంగతులు. సిల్వర్ పేస్టు వాడండి. తర్వాత ఆంప్లిఫయరుకు 1 పికోఫారడ్ కెపాసిటరు ద్వారా 1 వోల్టును ఒక్కసారిగా ఇస్తే 10 మిల్లీవోల్టులు రావాలి. రాకపోతే లోపం సర్క్యూట్‌లో ఉంది, పొరలో వెతక్కండి.

ఇసుక పరీక్షను ఎక్కువగా నమ్మొద్దు. 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడే రేణువు వేగం సెకనుకు 2 మీటర్లు. అంతరిక్షంలో సెకనుకు 10 కిలోమీటర్లు మామూలే. అక్కడ రేణువు పొరను గుంట పెడుతుంది, లేదా తూట్లు పొడుస్తుంది. ఆ కాస్త పదార్థం పోవడం వల్లే చార్జ్ పుడుతుంది. మీ ఇసుక నొక్కుతుందంతే. తీగలు సరిగా ఉన్నాయని తెలుస్తుంది గానీ ధూళి బరువు కట్టడానికి పనికిరాదు. దానికి ఇనుప రేణువులకు చార్జ్ ఎక్కించి, లక్షల వోల్టులతో విసిరే యాక్సిలరేటర్లు ఉండాలి.

ప్రశ్న: డిసెంబరు ఉల్కల వాన రాత్రి ఈ సెన్సరును మిద్దె మీద పెడితే పనిచేస్తుందా?
– కడప పాఠకురాలు

జవాబు: చేయదండీ. ఆ డిసెంబరు వానలోని జెమినిడ్ ఉల్కల రేణువులు సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో వచ్చి పైనే కాలిపోతాయి. మరీ సన్నవి వేగం కోల్పోయి నెమ్మదిగా దిగుతాయి, మీ మిద్దె మీద దుమ్ములో కలిసిపోతాయి. అందుకే అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ వాళ్ల ధూళి పరికరం 2024 జనవరి 1న ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ-సీ58లో వెళ్లి, రాకెట్ నాలుగో దశ మీదే ఉండి, 350 కిలోమీటర్ల ఎత్తున పనిచేసింది.