అక్యుమెన్‌కు కుశాగ్రబుద్ధి సరిపోతుందా?

సందేహం: ఉద్యోగ ప్రకటనల్లో ‘బిజినెస్ అక్యుమెన్’ ఉన్నవారు కావాలంటున్నారు. దీనిని ‘వ్యాపార తెలివితేటలు’ అనవచ్చునా? మా మిత్రుడు ‘గడుసుతనం’ అంటున్నాడు. – ఒక పాఠకుడు

సమాధానం: మీ మాట పలుచన, మీ మిత్రుని మాట ఘాటు. గడుసుతనంలో ఎదుటివాణ్ణి బోల్తా కొట్టించే గుణం కూడా ధ్వనిస్తుంది. అక్యుమెన్‌లో అది లేదు. చిక్కు వ్యవహారంలో అసలు సంగతిని చటుక్కున పట్టుకొని, సరిగా తూచి నిర్ణయించగల శక్తికే ఆ పేరు.

లాటిన్‌లో ఈ మాటకు మొన అని అర్థం. పదును పెట్టడమనే అర్థంగల ‘అకూఎరె’ దీనికి మూలం. సూదిని ఆ భాషలో ‘అకుస్’ అంటారు. సూదులతో చేసే అక్యుపంక్చర్ ఈ ఇంటి మాటే. రావి ఆకులా కొన సాగిన ఆకును వృక్షశాస్త్రజ్ఞులు ‘అక్యుమినేట్’ అంటారు. అంచు, మూల అనే అర్థాలుగల సంస్కృత ‘అశ్రి’ కూడా దీనికి దూరపు చుట్టమే కనుక, మన బడిపిల్లలు గీసే చతురస్రంలోనూ ఈ మొన దాగి ఉన్నది!

ఇక కుశాగ్రబుద్ధి. దర్భకొన వంటి బుద్ధి అని విగ్రహవాక్యం. ఇందులోని అగ్రానికి, అకుస్‌కు బంధుత్వం లేకపోయినా ఊహ మాత్రం ఒక్కటే. రఘువంశం ఐదవ సర్గలో, గురుదక్షిణ కోసం వచ్చిన కౌత్సుణ్ణి రఘుమహారాజు ‘కుశాగ్రబుద్ధే కుశలీ గురుస్తే’ అని పలకరిస్తాడు. చేయి తెగకుండా దర్భలు కోసి తేగలవాడే కుశలుడని పెద్దలు వ్యుత్పత్తి చెప్పేవారు. అంటే కాళిదాసు ఒకే గడ్డిపోచతో శిష్యుని బుద్ధిని మెచ్చి, గురువు క్షేమాన్ని అడిగాడన్నమాట. ఇంత చక్కని మాట చేతిలో ఉండగా, ‘అక్యుమెన్ స్కిల్స్’ అని తోక కూడా తగిలించే ప్రకటనకర్తలను ఏమనాలి? స్కిల్ చేతి నేర్పు, అక్యుమెన్ చూపులోని వాడి.

అయితే ‘వ్యాపార కుశాగ్రబుద్ధి’ అనే సమాసం నా చెవికి ఇంపుగా లేదు. మనిషిని మెచ్చుకొనేటప్పుడు కుశాగ్రబుద్ధి అనండి. ప్రకటనకైతే ‘వ్యాపారంలో పదునైన బుద్ధి’ నయమనిపిస్తున్నది. పదును అంటే కత్తి వాడి మాత్రమే కాదు, దుక్కికి తగిన నేల తేమ కూడా; అదును, పదును ఎరిగిన రైతుకున్నది అక్యుమెన్ కాదని నేననలేను.